తొమ్మిదో పీలిక

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటుంది. తన చేతుల మీదుగా వెళ్లిన కేబులు కొస ఏదో ఒకటి, తను దాన్ని పూర్తిగా మర్చిపోయాక, ఎవరో దాని పక్కన నిలబడి ఉన్న రోజున పేలిపోతుందని. అంతకంటే భయం, పేలిన సంగతి తనకు తెలియను కూడా తెలియదని. ఆ పూట తను ఇంట్లో కూతురికి ముద్దలు పెడుతూ, చందమామ కబుర్లు చెబుతూ నవ్వుతూ ఉంటుందని.

ఈ సంగతి మేస్త్రికి తెలుసు. తెలిసే ఆమెకు అనుమానం అని పేరు పెట్టాడు. పొద్దున్నే పనిలోకి రాగానే సంచి దించుతూ "అనుమానం వచ్చిందా?" అని అడిగేవాడు. వచ్చిందని ఎవరైనా చెబితే, "రాకుండా ఎప్పుడుంది గనక" అని తనే నవ్వుకునేవాడు. ఆయన ముప్ఫై ఏళ్లుగా కేబులు కొసలు కడుతున్న మనిషి. ఆమె ఆయన దగ్గర హెల్పరుగా చేరి ఏడాదిన్నర. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయింది, ఆ తర్వాత పెళ్లి, తర్వాత కూతురు. పిల్లకి ఇప్పుడు రెండేళ్లు. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. పిల్లని అత్తగారు చూసుకుంటుంది.

ఆ వారం పని ఒక పెద్దాసుపత్రి వెనక, ప్యానెల్ గదిలో. పదకొండు వేల వోల్టుల కేబుళ్లు ఐదు. ఒక్కొక్కదాని కొసని ఇనప పెట్టెలోకి తెచ్చి, ఒలిచి, తుడిచి, టేపు చుట్టి, బిగించాలి. నాలుగు అయిపోయాయి. సోమవారం నాడు మిగిలింది ఐదోది. దాని పెట్టె సరిగ్గా అవతలి గదిని ఆనుకున్న గోడకు ఉంది. అవతల ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే గది. గోడకి పైన చిన్న కిటికీ ఉండడంతో ఆడవాళ్ల మాటలు ఇటు వినిపిస్తుంటాయి. వాళ్లలో ఒకావిడ నవ్వితే కుక్కరు కూత పెట్టినట్టుంటుంది. ఆ నవ్వు వినిపించినప్పుడల్లా మేస్త్రి, "మూడో కూత, దించెయ్యండమ్మా" అనేవాడు.

మేస్త్రి కేబులు పై తోలు ఒలిచి, లోపలి మూడు లావు తీగల్ని, కోర్లంటారు వాటిని, మూడు వేళ్లలా విడదీశాడు. ప్రతి కోరుకీ పైన రాగి పట్టీ, దాని కింద నల్లపొర, దాని కింద తెల్లపొర, ఆ నడుమ కరెంటు పారే లోహం. నల్లపొరని చుట్టూ గీసి, కొస వైపు తీసెయ్యాలి. కత్తి నల్లపొర మందంలోనే ఆగాలి, తెల్లపొరకి తగలకూడదు. తగిలితే కరెంటుని ఆపే ఆ పొర అక్కడ బలహీనపడి ఎప్పటికో పేలుతుంది. ఉడకబెట్టిన గుడ్డు పెంకు వలిచి, లోపలి పల్చటి పొర చిరక్కుండా ఉంచడం లాంటి పని అది. దానికి చెయ్యి కావాలి, కన్ను కావాలి, తొందర ఉండకూడదు.

"లైటు ఇంకాస్త దగ్గరికి పట్టమ్మా," అన్నాడు మేస్త్రి. "ఈ మహానుభావులు బల్బులు కూడా పిసినారివే కొంటారు."

ఆమె చేతి లైటుని ఆయన వేళ్లకి తగిలేంత దగ్గరగా పట్టింది. ఆయన బొటనవేలితో అంచుని తడుముకుంటూ కత్తి తిప్పాడు. నల్లపొర ఉంగరంలా ఊడి వచ్చింది.

ఆ తర్వాత పని ఆమెది. నల్లపొర బొగ్గు కలిసిన పదార్థం. అది తీసేశాక తెల్లపొర మీద కంటికి కనబడనంత మసి మిగులుతుంది. మెత్తటి గుడ్డని పీలికలుగా కోసి, స్పిరిట్‌లో తడిపి, ఆ మసిని తుడవాలి. కొస దగ్గర మొదలుపెట్టి, తెల్లపొర మీదుగా నల్లపొర అంచు దాకా ఒకే వైపు. పీలిక నల్లపొరని తాకిందంటే దాని పని అయిపోయినట్టే, బకెట్లో పడెయ్యాలి. దాంతోనే మళ్లీ తెల్లదాన్ని తుడిస్తే, తుడిచిన మసంతా తిరిగి పూసినట్టు. ఆ మసి గీత మీద టేపు చుడితే పైకి ఏమీ కనబడదు. టెస్టులో కూడా పాసవుతుంది. ఆరునెలలకో ఏడాదికో ఆ గీత వెంబడి కరెంటు దారి చేసుకుంటుంది. "తెల్లనించి నల్లకి. తిరిగి రాకు," అనేది పనిలో చేరిన మొదటి రోజు మేస్త్రి ఆమెకి నేర్పిన మొదటి ముక్క. ఒక్కో కోరుకి మూడు పీలికలు, మూడు కోర్లకి తొమ్మిది. పనయ్యాక బకెట్లో తొమ్మిదీ ఉండాలి. బకెట్ అబద్ధం ఆడదని ఆయన నమ్మకం.

మూడో కోరు దగ్గర ఉండగా ఫోను మోగింది. ఏప్రన్ జేబులో బెదిరిన పిచ్చుకలా కొట్టుకుంటోంది. పని మధ్యలో ఫోను తియ్యదు ఆమె. కానీ అత్తగారు పగటిపూట అనవసరంగా చెయ్యదు. చేతి తొడుగు తీసేసి, సిగ్నల్ కోసం వరండాలోకి పరుగెత్తింది. పిల్లకి ఒళ్లు కాలిపోతోందని, జ్వరం మందు సీసా ఎక్కడ పెట్టావని అత్తగారు అడిగింది. చెప్పింది. ఎన్ని చుక్కలో చెప్పింది, మళ్లీ చెప్పింది, తడిగుడ్డ వెయ్యమంది. వెనకాల పిల్ల ఏడుపు వినబడుతూనే ఉంది, ఆవిడ పెట్టేసేదాకా.

తిరిగొచ్చేసరికి మేస్త్రి టేపు చుట్ట విప్పుకుంటున్నాడు.

"అయిందా?" అన్నాడు.

"అయింది," అంది.

ఆ మాట దానంతటదే వచ్చేసింది, తలుపు తట్టగానే "ఎవరూ" అన్నట్టు. మూడో కోరు తెల్లగా మెరుస్తోంది. అన్నీ అలాగే మెరుస్తాయి.

మేస్త్రి చుట్టడం మొదలుపెట్టాడు. ఆ కేబులు మీద చేతులు వేశాడంటే ఆయన వయసు పదేళ్లు తగ్గుతుంది. నల్లపొర ఆగిన అంచు దగ్గరే అసలు గండం ఉంటుందని ఆయన చెప్పేవాడు. సినిమా వదలగానే జనమంతా ఒకే గేటు మీద పడ్డట్టు, కరెంటు ఒత్తిడంతా ఆ అంచు మీదే పడుతుందట. అందుకని అక్కడ మెత్తటి ముద్ద పెట్టి, గాలి బుడగ లేకుండా అదిమి, పైన రబ్బరు టేపుని సాగదీస్తూ చుట్టి, నడుమ లావుగా, అటూ ఇటూ సన్నగా జారేలా కట్టాలి. టేపు వెడల్పు సగానికి తగ్గేదాకా లాగాలి. చుట్టు మీద చుట్టు సగానికి సగం ఎక్కాలి. ఆఖరి చుట్టు మాత్రం లాగకూడదు, ఊరికే పరిచి, బొటనవేలితో నిమిరి వదిలెయ్యాలి. లాగి వదిలితే వెనక్కి ముడుచుకుని విప్పుకుంటుంది. కాసేపటికి ఆ చుట్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియని ఒకే ముద్ద అవుతుంది. పైన కొసకి బిగించిన లోహపు తొడుగు దాకా మూసేశాడు, నీటి చుక్క దూరకుండా. తర్వాత అల్యూమినియం బిళ్ల మీద తన నంబరు, పద్నాలుగు, అచ్చు కొట్టి కేబులుకి కట్టాడు. కట్టినవాడి బిళ్ల లేకుండా ఏ కొసా వదలరు. హెల్పరుకి నంబరు ఉండదు.

గది ఊడ్చేటప్పుడు ఆమె బకెట్ బోర్లించి పీలికలు విడదీసింది. ఎనిమిది.

మళ్లీ లెక్కపెట్టింది. అతుక్కున్నాయేమోనని ఒక్కోటీ వేలితో విప్పింది. గచ్చు మీద, పెట్టె వెనక, నిచ్చెన కింద చూసింది. ఎనిమిదే.

ఒకటి తక్కువైందంటే మూడో కోరుని రెండుసార్లే తుడిచిందన్నమాట. లేకపోతే ఫోను కంగారులో ఒక పీలికతోనే రెండుసార్లు తుడిచింది. అదే నిజమైతే నల్లది తాకిన గుడ్డ మళ్లీ తెల్లదాని మీదికి వచ్చింది. గోడ అవతల కుక్కరు కూత వినిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె కాలు ఒకచోట నిలవలేదు. పిల్ల జ్వరం తగ్గింది, చెమటతో నుదుటి జుట్టు అంటుకుపోయి పడుకుంది. ఆమె మాత్రం పిల్ల ఒంటి మీద చెయ్యి వేస్తుంది, తీస్తుంది, వంటింట్లోకి వెళ్తుంది, ఎందుకు వెళ్లిందో మర్చిపోయి తిరిగి వస్తుంది. అత్తగారు గుమ్మంలో కూర్చుని చూసి చూసి, "నువ్వు నడిచిన నడక తిన్నగా నడిస్తే ఈపాటికి మీ అమ్మగారింటికి పోయి వచ్చేదానివి," అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కట్టినదంతా కోసి పారేసి మళ్లీ కట్టాలి. శుక్రవారం కరెంటు ఎక్కించాలని పై నుంచి ఒకటే ఒత్తిడి. ఈ సైటు తర్వాత ఇంకో సైటుకి ఆమెని ఎవరూ పిలవరు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. అది ఎప్పుడవుతుందో మాత్రమే తెలియదు.

మంగళవారం టెస్టు పెట్టారు. సూపర్‌వైజరు కుర్రవాడే, చెవికీ భుజానికీ మధ్య ఎప్పుడూ ఫోను నొక్కుకుని ఉంటాడని అందరూ హలో సారు అంటారు. టెస్టు మిషను వాళ్లు తాళ్లు కట్టి అందరినీ దూరంగా నిలబెట్టి, ఒక్కో కేబులుకీ వోల్టులు ఎక్కించారు. ఐదోదాని వంతు వచ్చింది. ఏమీ కాలేదు. మీటరు ముల్లు నిలకడగా నిలబడింది. హలో సారు ఫోను చెవి నుంచి తియ్యకుండానే బొటనవేలు పైకెత్తి చూపించాడు. పాసైంది. అందరి మొహాలూ విప్పారాయి. పాసవుతుందని ఆమెకు ముందే తెలుసు.

మధ్యాహ్నం కుళాయి దగ్గర టిఫిను డబ్బా కడుక్కుంటుంటే, పక్క కుళాయి దగ్గర ఇస్త్రీ గది ఆవిడ చేతులు కడుక్కుంటోంది. లావుపాటి మనిషి, మోచేతుల దాకా వేడికి ఎర్రబడ్డ చర్మం. మీ వైరు పని ఎప్పటికవుతుందని అడిగింది. మీది అయ్యాకే మాకు కొత్త ఇస్త్రీ మిషను వస్తుందట, మా గోడకి మీ పెట్టె ఉన్న చోటే పెడతారట, ఇంక రోజంతా అక్కడే నిలబడాలి అని చెప్పింది. "పోనీలే, వెనకాల మీరున్నారు కదా, ఊసుపోతుంది," అని నవ్వింది. కూత పెట్టింది ఈవిడే.

ఆమె డబ్బా మూత పెట్టి, మళ్లీ తీసి, కడిగిందే కడిగింది.

బుధవారం పొద్దున మేస్త్రి సామాను సర్దుకుంటుండగా వెళ్లి ఎదురుగా నిలబడింది. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మేస్త్రీ, ఐదోదానికి పీలికలు ఎనిమిదే ఉన్నాయి," అంది.

ఆయన చేతిలో కటింగ్ ప్లయరు ఆగింది. తిట్టలేదు. అనుమానం అని పిలవలేదు. "ఏ కోరు?" అని మాత్రం అడిగాడు. మూడోదని చెప్పింది. ఫోను సంగతి, "అయింది" అన్న సంగతి అన్నీ చెప్పేసింది. ఆయన కాసేపు గచ్చు వంక చూసి, ఇస్త్రీ గది కిటికీ వంక చూసి, సర్దిన సంచీ మళ్లీ విప్పాడు.

టేపు ముద్దని నిలువుగా పైపైన గాటు పెట్టి, వేళ్లతో చీల్చి వలిచాడు. చెట్టు బెరడు ఊడినట్టు వచ్చింది. మెత్తటి ముద్ద గీకేశాడు. తెల్లపొర బయటపడింది. ఆమె లైటు పట్టుకుని మోకాళ్ల మీద వంగింది. నల్లటి మరక కోసం కొస నుంచి అంచు దాకా వెదికింది. కొత్త పీలిక తీసి తుడిచి చూసింది. పీలిక తెల్లగానే ఉంది. మళ్లీ తుడిచింది. శుభ్రంగా ఉంది. తను మూడుసార్లూ సరిగ్గానే తుడిచింది.

లైటు తియ్యబోయి ఆగిపోయింది. నల్లపొర అంచుకి ఆనుకుని, తెల్లపొర మీద, వెంట్రుకంత గీత. మరక కాదు. కత్తి గాటు. ఇప్పుడు మేస్త్రి కోసిన కోత నిలువుగా ఉంది, పైపైనే ఆగింది. ఇది అడ్డంగా ఉంది, కోరు చుట్టూ ఉంగరంలా. సోమవారం నల్లపొర గీసినప్పటిది.

ఆమె లైటుని ఆ గీత మీదే ఉంచింది.

"ఏముంది? మసేనా?" అన్నాడు మేస్త్రి. ఆయన మొహం ఆ గీతకి జానెడు దూరంలో ఉంది. ఆయనకు కనబడడం లేదు.

ఆమె ఆయన బొటనవేలు పట్టుకుని, గోరుని ఆ గీత మీద పెట్టింది. గోరు గాటులో ఆగింది. ఆయన చెయ్యి తియ్యలేదు. గోరుని గీత వెంబడి మెల్లగా, చుట్టూ తిప్పాడు, మొదలుపెట్టిన చోటికి వచ్చేదాకా. తర్వాత మిగతా రెండు కోర్లూ విప్పాడు. ఒకటి బాగానే ఉంది. రెండోదానికీ గీత ఉంది, సగం చుట్టు.

హలో సారు అప్పుడే లోపలికి వచ్చాడు. పాసైన కొస పేగులు బయటపెట్టుకుని ఉండడం చూసి మొదటిసారి ఫోను చెవి నుంచి తీశాడు. ఏమైందని అడిగాడు. ఎవరూ నోరు విప్పకముందే గచ్చు మీదున్న పీలికలు చూశాడు, స్పిరిట్ సీసా చూశాడు, ఆమె మొహం చూశాడు. తుడవడం సరిగ్గా చెయ్యలేదా అన్నాడు. ఆమె మేస్త్రి వంక చూసింది. మేస్త్రి సంచిలో ఏదో వెదుకుతున్నాడు. సంచిలో వెదకాల్సిందేమీ లేదు.

"తుడవడానికి కూడా చదువుకున్నవాళ్లని తెచ్చుకోవాలా మేము?" అన్నాడు హలో సారు. కాగితం మీద ఏదో రాశాడు. హెల్పరు నిర్లక్ష్యం వల్ల ఐదో కేబులు మళ్లీ కట్టాల్సి వచ్చిందని రాశానని, ఈ పని అయ్యాక ఇంక రావద్దని చెప్పి వెళ్లాడు. ఆయన వెళ్లాక కూడా మేస్త్రి తలెత్తలేదు. ఇవాళ్టికి పొమ్మన్నాడు. రేపు గాటు పడినంత మేరా కోసేసి, కింద గుంతలో వదిలిన మిగులు కేబులు పైకి లాగి, మొదటినుంచీ కడదామన్నాడు.

ఆ సాయంత్రం అత్తగారు ఏప్రన్ ముందేసుకుని కూర్చుంది. జేబు కుట్లు ఊడిపోయి నెల దాటిందని, కోడలు ఊళ్లోవాళ్ల వైర్లన్నీ చుడుతుంది గానీ తన జేబు తను కుట్టుకోదని సణుగుతూ సూదిలో దారం ఎక్కించింది. ఊడిన కుట్టులోంచి జేబు లోపలి అస్తరు కిందికి వేలు పెట్టి, ఏదో లాగింది.

"ఏమిటే ఇది, ఆసుపత్రి వాసనేస్తోంది?"

మడత పడిన గుడ్డ పీలిక. ఒక అంచుకి మాత్రం సన్నటి నల్లటి చార. తెల్లనించి నల్లకి ఒకేసారి వెళ్లి ఆగినదానికి ఉండేలాంటి చార. ఫోను కోసం తొడుగు తీసినప్పుడు చేతిలో ఉన్నది జేబులోకి తోసేసి ఉంటుంది.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల వచ్చి లాక్కోబోతే చెయ్యెత్తి పైకి పట్టుకుంది. అత్తగారు ఏమిటని అడిగితే అంతా చెప్పింది. విని అత్తగారు దారం కొరికి ముడి వేసింది. రేపు తీసుకెళ్లి ఆ ఫోను అబ్బాయి మొహాన కొట్టమంది. అలా కొట్టాలంటే గాటు ఎవరిదో చెప్పాల్సి వస్తుందని ఆమె అంది. ఆయన నాకు పని నేర్పాడత్తయ్యా అంది. అత్తగారు ఏప్రన్ దులిపి మడతపెట్టి, "నేర్పినాయనకి నోరుందో లేదో నువ్వే చూసుకో," అని లేచిపోయింది.

గురువారం ఆమె పీలికని టిఫిను డబ్బా మూతలో పెట్టి తెచ్చింది. హలో సారు దగ్గరికి వెళ్లలేదు. మేస్త్రి పనిముట్ల పెట్టె మీద దాన్ని పరిచి, పక్కకి జరిగి, కొత్త పీలికలు కోసుకుంటూ కూర్చుంది.

మేస్త్రి వచ్చాడు. ఇవాళ అనుమానం వచ్చిందా అని అడగలేదు. పెట్టె తెరవబోయి చేతికి తగిలిన గుడ్డని తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కిటికీ వెలుతురుకి పట్టి, దూరంగా, దగ్గరగా, మళ్లీ దూరంగా చూశాడు.

"తొమ్మిదోదా," అన్నాడు.

ఆమె తలూపింది. ఊపింది ఆయనకి కనబడిందో లేదోనని, "అవును మేస్త్రీ, జేబులో ఉంది," అంది.

ఆయన ఆ పీలికని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కత్తి తీశాడు. పిడి అరిగిపోయిన పాత కత్తి, ఎవరినీ ముట్టనివ్వడు. పిడి ఆమె వైపు తిప్పి అందించాడు. ఆమె పుచ్చుకోలేదు. వెనక్కి జరిగింది. తనకి రాదంది. చెయ్యి వణుకుతుందంది. వణికే చెయ్యి పనికొస్తుందని, తెగబడే చెయ్యే పనికిరాదని ఆయన అన్నాడు. లైటు తను పట్టుకున్నాడు.

కోరుకి రెండు గంటలు పట్టింది. నల్లపొర మందంలో సగం దాకా గీసి ఆగడం, వేలితో తడమడం, మళ్లీ గీయడం. ఆమెకు వీపంతా తడిసిపోయింది. చెమట బొట్టు కేబులు మీద పడకుండా మేస్త్రి తువ్వాలుతో ఆమె నుదురు తుడుస్తూ ఉన్నాడు, పిల్లలకి తుడిచినట్టు. మూడో కోరు అయ్యాక ఆయన గోటితో అంచు చుట్టూ తడిమి చూశాడు. గోరు ఎక్కడా ఆగలేదు. తుడవడం ఆమె చేసింది, మూడు, ఆరు, తొమ్మిది. చుట్టడం ఆయన చేశాడు. ఆ చేతులకి కళ్లతో పనిలేదు.

బిళ్ల మీద పద్నాలుగు అచ్చు కొట్టి, దాని పక్కన మేకుతో ఒక చుక్క గుచ్చాడు. అదెందుకని అడిగింది.

"అది నువ్వు. నంబరు వాళ్లివ్వాలి. చుక్క నేనిస్తాను," అన్నాడు.

తర్వాత లేచి, చేతులు కడుక్కుని, హలో సారు కూర్చునే రేకుల గదిలోకి నడిచాడు. ఆమె వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడింది. మేస్త్రి జేబులోంచి పీలిక తీసి బల్ల మీద పెట్టాడు. ఆ అమ్మాయి తుడవడంలో తప్పేమీ లేదని, గాటు తన కత్తిదని, కన్ను ఆనడం లేదని చెప్పాడు. రాసింది కొట్టెయ్యమన్నాడు. హలో సారు కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతు తగ్గించి, ఇది మీ మీద రాస్తే మీరు కట్టిన కొసలన్నీ అనుమానం కిందికి వస్తాయని, రేపు కరెంటు ఎక్కుతోందని, పోనీలెమ్మని వదిలెయ్యండని నచ్చజెప్పాడు. హలో సారుకి తెలిసినంతలో మేస్త్రికి అది మేలే.

"అదే నేను చెప్పొచ్చేది బాబూ," అన్నాడు మేస్త్రి. "పోయిన వానాకాలం నించీ నాకు సూదిలో దారం ఎక్కడం లేదు. ఆ తర్వాత కట్టినవన్నీ విప్పి చూడాలి."

హలో సారు ఫోను మోగింది. చాలాసేపు మోగింది. ఎత్తలేదు. చివరికి హెల్పరు అన్న మాట కొట్టేసి, దాని మీద వేరే మాట రాశాడు. పాత కొసల సంగతి మాత్రం తనకు సంబంధం లేదన్నాడు. టెస్టు పాసైనవాటిని కెలకమని ఏ కంపెనీకి తను రాయలేనన్నాడు. మేస్త్రి నంబరు ఆ రోజుతో తీసేశారు.

శుక్రవారం ఐదోదానికి మళ్లీ టెస్టు పెట్టి, కరెంటు ఎక్కించారు. ఐదో పెట్టె తలుపు మీద చెవి ఆనించనివ్వరు గనక ఆమె గోడ అవతలికి, ఇస్త్రీ గదిలోకి వెళ్లి నిలబడింది. కొత్త మిషను వేడెక్కుతోంది. లావుపాటావిడ మొదటి దుప్పటి పరిచి, "ఏమ్మా, అంత తొంగి చూస్తున్నావ్, మీ గోడని నేనేం ఎత్తుకుపోనులే," అని కూత పెట్టింది.

ఆ ఆదివారం మేస్త్రి ఆమె ఇంటికి వచ్చాడు. పిల్ల ఆయన వేళ్లకున్న టేపు జిగురు గిల్లుతూ కూర్చుంది. ఆయన చెప్తుంటే ఆమె పాత నోటుబుక్కులో రాసుకుంది. వానాకాలం తర్వాత కట్టినవి, ఈ ఆసుపత్రిలో మిగతా నాలుగూ కలిపి, నాలుగు చోట్ల, ఏడు కొసలు. నాలుగు ఉత్తరాలు రాసింది. రాసి చాలా ఏళ్లైంది. గౌరవనీయులైన అన్న మాట దగ్గరే మూడు కాగితాలు చింపింది. పద్నాలుగు అని బిళ్ల ఉండి, పక్కన చుక్క లేనివి దయచేసి విప్పించి చూడండి అని రాసింది. కింద మేస్త్రి సంతకం చేశాడు, దాని కింద ఆమె చేసింది.

మూడు చోట్ల నుంచి కబురొచ్చింది. ఒక చోట విప్పి చూస్తే గాటు దొరికిందట, ఫోను చేసి తిట్టి, చివర్లో మంచిదమ్మా అన్నారు. నాలుగోది ఊరి చివర మంచినీళ్ల పంపు హౌసు. అక్కణ్ణించి ఏమీ రాలేదు. ఇంకో ఉత్తరం రాసుకుని, రెండు బస్సులు మారి ఆమె వెళ్లింది. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. ఉత్తరం తీసుకుని, సారుకి ఇస్తానన్నాడు. పంపు అక్క ఉందా అని అడిగితే, డ్యూటీలో ఉంది, ఇప్పుడు కుదరదన్నాడు. ఉత్తరం ఇచ్చాడో లేదో తెలియదు.

పంపు అక్క అంటే అక్కడ పగలు మోటార్లు చూసుకునే ఆవిడ. అక్కడ పని చేసిన నాలుగు రోజులూ వాళ్లకి టీ పెట్టి ఇచ్చింది. ఊసుపోకకి ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లుతుంది. పిల్లకి కూడా ఎర్రటి చిన్న బుట్ట ఒకటి అల్లి ఇచ్చింది. ఇప్పుడు పిల్ల దాన్ని నెత్తిన బోర్లించుకుని ఇల్లంతా తిరుగుతుంటే ఆమె చూడలేక మొహం తిప్పుకుంటోంది. గదిలో ఎన్ని కుర్చీలున్నా పంపు అక్కకి కేబులు పెట్టె పక్కన ఇనప స్టూలే ఇష్టం. పెట్టె వెచ్చగా ఉంటుందట, నడుము నొప్పికి హాయిగా ఉంటుందట. వీపు దానికి ఆనించుకుని కూర్చుంటుంది.

మీలో ఎవరైనా అటు వెళ్తే, రెండు లావుపాటి గొట్టాలు గోడలోంచి బయటికి వచ్చి నేలలోకి దిగే నీలం తలుపుల గది అది, ఒకసారి ఆగండి. వాచ్‌మన్ కాదంటే చుట్టాలమని చెప్పండి. పెట్టె లోపల కీచురాయిలాగా సన్నటి చప్పుడేమైనా, కరెంటు గాటుని కొరికే చప్పుడు, వస్తోందా అని ఆవిణ్ణి అడగండి. బిళ్ల మీద పద్నాలుగు ఉంటుంది, చుక్క ఉండదు. పక్కన నిలబడి చూడొద్దు. ముందు ఆవిడ స్టూలు అవతలి గోడకి జరపమని చెప్పండి. జరిపేదాకా అక్కడే ఉండండి.